హనుమంతుడు దూకాడు సరే, ఒడ్డున నిలబడ్డవాళ్ళెవరు?



ఈ వారం వీడియోలో కిష్కింధకాండ చివరి ఘట్టం చెప్పుకున్నాం. సముద్రపు ఒడ్డు, వానరుల దిగులు, జాంబవంతుడి మాట, హనుమంతుడు మహేంద్రగిరి ఎక్కడం. అయితే ఒక విషయం వీడియోలో చెప్పకుండా వదిలేశాను. టైం లేక కాదండీ, కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. రాస్తేనన్నా చెప్పగలనేమో అని ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఉన్న మా స్నేహితుడిని అడిగే రాస్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు.

2024 సంక్రాంతి. జనవరి 12న ‘హను-మాన్’ రిలీజైంది. ఇంకో పది రోజుల్లో, 22న, అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ. ఊరంతా కాషాయ జెండాలు. అమ్ముడైన ప్రతి టికెట్ మీద 5 రూపాయలు అయోధ్య గుడికి ఇస్తామని సినిమావాళ్ళు ముందే ప్రకటించారు. అలాంటి వాతావరణంలో మా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో నలుగురం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సెకండ్ షోకి వెళ్ళాం. చాలా రోజుల తర్వాత కలిశాం కదా, ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ కన్నా మా గోలే ఎక్కువ.

క్లైమాక్స్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హిమాలయాల్లో మంచు పగులుతుంది, లోపల తపస్సులో ఉన్న స్వామి లేస్తాడు. హాల్లో ఒక్కరూ కూర్చుని లేరు. పేపర్లు ఎగురుతున్నాయి, జై శ్రీరామ్ అని అరుపులు. నాకు ఒళ్ళు జలదరించింది. పక్కకి తిరిగి చూస్తే మావాడొకడు మాత్రం సీట్లోనే కూర్చున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. ‘అబ్బ, వీడికి ఇంత భక్తి ఉందా’ అనుకున్నాను. అంతే, మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగిపోయాను.

బయటికొచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. సినిమా గురించే మాటలు. అప్పుడు వాడన్నాడు: “సినిమాలో వాడికి ప్రాణం పోయేటప్పుడు నీళ్ళలో మణి దొరికింది. నేను మూడు నెలల నుంచి రోజూ చాలీసా చదువుతున్నా రా. నాకేం దొరకలేదు.”

మేమంతా నవ్వాం. “మణి కావాలంటే ముందు హుస్సేన్‌సాగర్‌లో దూకాలి మామా” అని ఒక జోక్ పేలింది. ఆ జోక్ వేసింది నేనే.

వాడూ నవ్వాడు. చాయ్ తాగి ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళిపోయాం.

శక్తి ముందా, పని ముందా?

వాడి సంగతికి మళ్ళీ వస్తాను. ముందు సినిమా గురించి రెండు మాటలు. ఎందుకంటే ఆ రాత్రి మేం వాదించుకున్నది దీని గురించే. “హనుమంతుడే మన ఫస్ట్ సూపర్‌హీరో” అని ఒకడు. “స్పైడర్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ అందరూ మన స్వామి తర్వాతే” అని ఇంకొకడు. మీలో కూడా చాలామంది ఇలా అంటుంటారు. ప్రేమతోనే అంటారు, తప్పేం లేదు. కానీ ఒక చిన్న తేడా ఉంది, అది తెలుసుకుంటే మంచిది.

సూపర్‌హీరో కథల్లో మామూలుగా శక్తి ముందు వస్తుంది. సాలీడు కుడుతుంది, లేకపోతే వేరే గ్రహం నుంచి వస్తాడు, లేకపోతే మణి దొరుకుతుంది. ఆ తర్వాత, ‘ఈ శక్తితో ఏం చెయ్యాలి’ అనే ప్రశ్న. ‘హను-మాన్’లో విలన్ మైఖేల్‌ని చూడండి. వాడికి చిన్నప్పటి నుంచి సూపర్‌హీరో అయిపోవాలని పిచ్చి. సూపర్‌హీరోలకి అమ్మానాన్నలు ఉండరని, కన్నవాళ్ళనే చంపేస్తాడు. శక్తి కావాలి, పేరు కావాలి. ఎవరి కోసం అంటే వాడి దగ్గర జవాబు లేదు. దర్శకుడు ప్రశాంత్ వర్మ ఆ పాత్రని అలా రాయడంలో మంచి ఆలోచన ఉందనిపించింది నాకు.

మన స్వామి కథ దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. శక్తి పుట్టినప్పటి నుంచీ ఉంది, కానీ ఆయనకే గుర్తులేదు. చిన్నతనంలో ఆశ్రమాల్లో అల్లరి చేస్తే ఋషులు శపించారని ఉత్తరకాండ చెబుతుంది. ఎవరైనా గుర్తు చేసేదాకా తన బలం తనకి తెలియదు. రామకార్యం వచ్చి ఎదురుగా నిలబడేదాకా, ఒకరు వచ్చి చెప్పేదాకా, అంత మహాబలుడూ మామూలు కోతిలాగే ఒక పక్కన కూర్చున్నాడు.

అంటే రామాయణంలో మణి సముద్రం అడుగున లేదు. పక్కన కూర్చున్న ఒక ముసలి భల్లూకం నోట్లో ఉంది.

ఆ ఒడ్డు మీద ఏం జరిగింది?

మన వయసువాళ్ళకి ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది డెడ్‌లైన్ దాటిపోయిన టీమ్ కథ.

సుగ్రీవుడు నాలుగు దిక్కులకీ వానరుల్ని పంపాడు. గడువు ఒక నెల. దక్షిణ దిక్కుకి వెళ్ళిన జట్టుకి లీడర్ అంగదుడు, యువరాజు. అందులోనే హనుమంతుడు, జాంబవంతుడు ఉన్నారు. రాముడు తన ఉంగరం హనుమంతుడి చేతికే ఇచ్చాడు. స్వయంప్రభ గుహలో చిక్కుకుని బయటపడేసరికి గడువు కాస్తా అయిపోయింది. సీతమ్మ జాడ లేదు. అంగదుడు ఏం చేశాడో తెలుసా? ఇంటికి ఏ మొహంతో వెళ్ళాలి, సుగ్రీవుడు ఏమంటాడో, ఇక్కడే చచ్చిపోవడం నయం అని దర్భల మీద ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. తిండి మానేసి ప్రాణం వదలడం అన్నమాట. యువరాజు అలా కూర్చుంటే మిగతావాళ్ళూ ఏడుస్తూ కూర్చున్నారు.

గమనించండి. వీళ్ళు పిరికివాళ్ళు కారు. తర్వాత రావణుడి సభలో ఒంటరిగా నిలబడి రాయబారం చెప్పినవాడు ఈ అంగదుడే. అలాంటివాడికి కూడా ఒక రోజు ‘ఇంక చాలు’ అనిపించింది. వాల్మీకి మహర్షి ఆ రోజుని దాచలేదు, చిన్నచూపూ చూడలేదు.

అప్పుడు సంపాతి వచ్చి చెప్పాడు: సీతమ్మ లంకలో ఉంది, మధ్యలో నూరు యోజనాల సముద్రం. ఆశ పుట్టింది, వెంటనే భయమూ పుట్టింది. ఎవరు దూకగలరు? ఒక్కొక్కరూ లేచి తమ లెక్క చెప్పారు. గజుడు పది యోజనాలన్నాడు. అలా పెరుగుతూ మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై అన్నారు. జాంబవంతుడు తొంభై. అంగదుడు నూరూ దూకగలనన్నాడు, కానీ తిరిగి రావడం మీద నమ్మకం లేదన్నాడు.

ఇక్కడే నేను మిమ్మల్ని ఆగమంటాను. అంతమంది మాట్లాడుతుంటే జాంబవంతుడు ఎవరివైపు చూశాడు? మాట్లాడనివాడి వైపు. ఒక పక్కన ఒంటరిగా, మౌనంగా కూర్చున్న హనుమంతుడి దగ్గరికి వెళ్ళి, ఎందుకు ఏమీ మాట్లాడట్లేదని అడిగాడు. మొదటి మాటే అది.

థియేటర్లో అందరూ లేచి అరుస్తుంటే ఒకడు కూర్చుని ఏడుస్తున్నాడు. నేను చూశాను. చూసి స్క్రీన్ వైపు తిరిగాను. జాంబవంతుడికీ నాకూ తేడా అక్కడే తెలిసిపోయింది.

ఆంటీ ఫోన్

సినిమా చూసిన మూడు వారాలకి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. “నాన్నా, వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. అన్నం తినట్లేదు. మీకేమైనా చెప్పాడా?”

వెళ్ళాం. అప్పుడు తెలిసింది. వాడి ఉద్యోగం పోయి అప్పటికే నాలుగు నెలలు. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని బయల్దేరి, మెట్రోలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి, పార్కులో కూర్చుని, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినట్టే ఇంటికి వచ్చేవాడు. సినిమా రోజున నా జోక్ వాడికి ఎలా వినిపించిందో తర్వాత వాడే చెప్పాడు. అది ఇక్కడ రాయను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఆ గదిలో నేనేం చేశానో చెప్తాను, మీరు చెయ్యకండి. ఉపన్యాసం ఇచ్చాను. కర్మ గురించి, ఓర్పు గురించి, దేవుడు పరీక్షిస్తాడని. ఫోన్లో మన ఛానెల్ ప్లేలిస్ట్ కూడా పంపాను! వాడు తల ఊపాడు. కళ్ళు మాత్రం గోడ మీదే.

మాతో వచ్చిన ఇంకొకడు ఉన్నాడు. గుడికి పండగకి కూడా రాడు, దేవుడంటే పెద్దగా పట్టదు. వాడు నేల మీద కూర్చుని, “రేయ్, సెకండియర్‌లో డేటా స్ట్రక్చర్స్ గుర్తుందా?” అన్నాడు. “ఎగ్జామ్‌కి ముందు రాత్రి హాస్టల్ టెర్రస్ మీద పదకొండు మందికి తెల్లారేదాకా చెప్పావు. పదకొండు మందీ పాసయ్యాం. నాకు డెబ్భై ఒకటి వచ్చాయి, అంతకు ముందు ఇంటర్నల్‌లో ఎనిమిది. నువ్వు లేకపోతే నేను ఆ ఏడాదే ఇంటికి వెళ్ళిపోయేవాడిని.” ఇలా ఒక్కొక్కటీ. ఫైనలియర్ ప్రాజెక్ట్, వాళ్ళ నాన్నగారి ఆపరేషన్‌కి వీడు ఇచ్చిన రక్తం. గంటసేపు. ‘ధైర్యంగా ఉండు’ అనే మాట ఒక్కసారి కూడా అనలేదు.

మావాడు గోడ మీంచి చూపు తిప్పాడు. “పదకొండు కాదు, పన్నెండు మంది” అన్నాడు. తర్వాత ఏడ్చాడు. తర్వాత ఆంటీ పెరుగన్నం కలిపి తెస్తే తిన్నాడు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి కిష్కింధకాండ తీసి చదివాను. ఎన్నోసార్లు ప్రవచనంలో చెప్పిన ఘట్టమే. మొదటిసారి చదువుతున్నట్టు అనిపించింది.

జాంబవంతుడి పద్ధతి

జాంబవంతుడు హనుమంతుణ్ణి ఊరికే పొగడలేదు. గుర్తు చేశాడు. నువ్వు అంజనాదేవి కొడుకువి, వాయుదేవుడి వరంగా పుట్టావు అని ఇంటి నుంచి మొదలుపెట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి పండు అనుకుని ఎగిరావు, అప్పుడే మూడు వందల యోజనాలు వెళ్ళావు అన్నాడు. లెక్క చూశారా? ఎదురుగా ఉన్న సముద్రం నూరు యోజనాలు. పాలు తాగే వయసులోనే దానికి మూడింతలు వెళ్ళినవాడివి నువ్వు! ‘నీ వల్ల అవుతుంది’ అని గాలిమాట చెప్పకుండా, జరిగినదాన్ని సాక్ష్యంగా తెచ్చి ముందు పెట్టాడు. దిగులు ముందు మనిషి చేసిన మంచిని మర్చిపోయేలా చేస్తుంది. అందుకే గుర్తు చేసేవాడి దగ్గర వివరం ఉండాలి.

వజ్రాయుధం దెబ్బకి దవడ విరిగిన సంగతి కూడా చెప్పాడు. దెబ్బని దాచలేదు. ఆ దెబ్బ వల్లే కదా హనుమంతుడనే పేరు వచ్చింది!

తన సంగతి కూడా ఒప్పుకున్నాడు. త్రివిక్రముడు లోకాలు కొలిచినప్పుడు నేను భూమికి ఇరవై ఒక్క ప్రదక్షిణలు చేశాను, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను అన్నాడు. ‘మా రోజుల్లో అయితేనా’ అని దెప్పలేదు. నా వల్ల కానిది నీ వల్ల అవుతుందని మనసారా అనడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

ఇక నన్ను కదిలించిన మాట చివర్లో ఉంది. హనుమంతుడు పెరిగిపోయి, దూకడానికి సిద్ధమైనప్పుడు జాంబవంతుడు అంటాడు: నువ్వు తిరిగి వచ్చేదాకా మేమంతా ఒంటికాలి మీద నిలబడి ఉంటాం అని. మా అందరి ప్రాణాలూ నీ రాక మీదే ఉన్నాయని.

సుందరకాండ పారాయణ చేసేవాళ్ళం మనం స్వామితో పాటు ఎగిరిపోతాం. మైనాకుడు, సురస, సింహిక, లంక. ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డవాళ్ళని మర్చిపోతాం. కెమెరా ఎప్పుడూ ఎగిరేవాడి మీదే ఉంటుంది కదా. కానీ ఎగిరేవాడికి తెలుసు, వెనక ఒకరు నిలబడి ఉన్నారని.

ఒక్కసారి గుర్తు చేస్తే సరిపోతుందా?

సరిపోదు. స్వామికే సరిపోలేదు. లంకంతా వెతికి, రావణుడి అంతఃపురం కూడా చూసి, సీతమ్మ కనపడకపోయేసరికి ఆయన కుంగిపోయాడు. తిరిగి వెళ్ళి ఈ మాట చెప్తే రాముడు బతకడు, లక్ష్మణుడు బతకడు, సుగ్రీవుడు బతకడు అని ఒక్కొక్కరినీ ఊహించుకుంటూ, తాను వెనక్కి వెళ్ళకుండా ప్రాణం వదిలేయడమే మేలేమో అన్నంత దూరం ఆలోచించాడు. నూరు యోజనాలు దూకిన తర్వాత! ఆ చీకట్లో ఆయనే తేల్చుకున్నాడు, చనిపోవడంలో అంతా నష్టమే, బతికి ఉంటే ఎప్పటికైనా మంచి చూస్తాం అని. ఇంకా వెతకని చోటు ఏదని చూస్తే అశోకవనం కనపడింది, రామలక్ష్మణులకీ సీతమ్మకీ మొక్కి అటు వెళ్ళాడు. ఆ తోటలోనే అమ్మ ఉంది.

మావాడికీ అలాగే జరిగింది. ఇంటర్వ్యూలు తప్పాయి, మళ్ళీ తలుపు వేసుకున్నాడు. ఆ గుడికి రాని స్నేహితుడు రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేసేవాడు. చాలాసార్లు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదట. క్రికెట్ స్కోర్ చెప్పి పెట్టేసేవాడట. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళిందీ వాడే. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు మావాడికి ఉద్యోగం ఉంది, జీతం మునుపటి కన్నా తక్కువే. మొన్న కలిసినప్పుడు ‘ఆ పది గంటల ఫోన్ కోసం రోజంతా గడిపేవాణ్ణి’ అన్నాడు.

“మరి నాకెందుకు రాలేదు?”

చాయ్ బండి దగ్గర వాడు అడిగిన ప్రశ్నకి ఆ రోజు జోక్ వేశాను. ఇప్పుడు జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

బాలకాండలో ఒక చిన్న విషయం ఉంది. రాముడికి సాయంగా వానరులుగా బిడ్డల్ని కనండని బ్రహ్మదేవుడు దేవతలకి చెబుతూ, జాంబవంతుణ్ణి నేను ముందే సృష్టించాను, నేను ఆవులించినప్పుడు నా నోట్లోంచి పుట్టాడు అంటాడు. అంటే హనుమంతుడు పుట్టకముందే, ఆయన మర్చిపోకముందే, గుర్తు చేసేవాణ్ణి భగవంతుడు సిద్ధం చేసి ఉంచాడు. అదే జట్టులో, అదే ఒడ్డు మీద, పక్కనే.

వాడి చాలీసా వృథా కాలేదని నేను నమ్ముతున్నాను. జవాబు ఆ రాత్రే వాడి పక్క సీట్లో కూర్చుని ఉంది. ఆ జవాబు నేను కావలసింది. నేను కాలేదు కాబట్టి స్వామి ఇంకొకణ్ణి వాడుకున్నాడు. స్వామి పని ఆగదు, ఆ భాగ్యం మాత్రం నాకు తప్పిపోయింది.

కాబట్టి మిత్రులారా, ఈ వారం మన సాధన చిన్నది. రోజూ చదివే చాలీసా చదవండి. చదివాక మీ గ్రూపులో ఈమధ్య మాట్లాడటం మానేసిన ఒక్కరి పేరు తలుచుకోండి. వాళ్ళకి ఫార్వర్డ్ మెసేజ్ పంపకండి, ఫోన్ చెయ్యండి. వాళ్ళు మీకు చేసిన ఒక మేలుని వివరంగా, రోజుతో సహా గుర్తు చెయ్యండి. మళ్ళీ వారం మళ్ళీ చెయ్యండి. ఎవరైనా నవ్వుతూ అయినా సరే చావు మాట ఎత్తితే, నాలాగా నవ్వకండి. సూటిగా అడగండి, పక్కన ఉండండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్ 14416 ఎప్పుడైనా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అది కూడా స్వామి సేవే.

ఇది చదువుతున్న మీరే ఆ ఒడ్డున మౌనంగా కూర్చున్నవారైతే, ఒక్క మాట. మీ బలం పోలేదు, మరుపులో ఉంది. ఈ రాత్రికి ఒక్కరికి చెప్పండి, “నాకు బాగోలేదు” అని. ఆ ఒక్కరు జాంబవంతుడు కావచ్చు.

సినిమాలు చూడండి, ఫ్రెండ్స్‌తోనే చూడండి, స్వామి తెర మీద లేచినప్పుడు గట్టిగా జై కొట్టండి. కొట్టాక ఒక్కసారి పక్క సీటు వైపు చూడండి.

జై శ్రీరామ్. జై హనుమాన్. వచ్చే వారం సుందరకాండ మొదలుపెడదాం.